మెట్లంత వాలు

హవల్దార్ సైదులు మంచు కింద ఎంతసేపు పడి ఉన్నాడన్న విషయంలో కాలనీలో ఏ రెండిళ్లకూ పొసగదు. ఆయన తన నోటితో చెప్పింది పావుగంట. భార్య అండాలమ్మ దాన్ని ఒక పూట చేసింది. పక్కింటి రాములమ్మ చేతిలో పడ్డాక అది మూడు రోజులకు సాగింది. తుర్కయంజాల్ కూరగాయల బండ్ల దాకా నడిచి వెళ్లేసరికి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ మనిషి తన తోలు బెల్టు నమిలి బతికాడనీ, బయటికి లాగేసరికి బకిల్ ఒక్కటే మిగిలిందనీ చెప్పుకుంటారు. సైదులు అవుననడు, కాదనడు. మీసం దువ్వుకుని, "అప్పటి బెల్టులు మంచిగుండె" అంటాడు, అంతే.

నల్గొండ దిక్కు పల్లెలో పుట్టిన మనిషి. పద్దెనిమిదేళ్లకు పటాలంలో చేరేదాకా ఆయన ఎరిగిన మంచు పుల్లఐసు ఒక్కటే. అలాంటివాణ్ని తీసుకెళ్లి కశ్మీరు పైకొండల్లో పడేస్తే తొమ్మిది చలికాలాలు అక్కడే గడిపాడు. పొద్దున గస్తీ దళం కదిలే ముందు కొండవాలు నడవనిస్తుందా, మీద పడుతుందా అని చూసి చెప్పడం ఆయన పని. పార తీసుకుని ఛాతీ లోతు గుంట తవ్వేవాడు. గుంట గోడలో మంచు పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఒక్కో పొరలోకి పిడికిలి గుచ్చి చూడాలి. పిడికిలి దిగకపోతే నాలుగు వేళ్లు, అవీ దిగకపోతే ఒక వేలు, తర్వాత పెన్సిలు, ఆఖరికి చాకు. పైన గట్టి పొర ఉండి, దాని కింద పిడికిలి సులువుగా దూరిపోయే పొర ఉందంటే ఆ రోజు ఎవరూ ఆ వాలు మీద కాలు పెట్టకూడదు. ఆ కింది పొరను గుప్పిట్లోకి తీస్తే చక్కెరలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, ఎంత పిసికినా ముద్ద కట్టదు. దాని మీద ఎన్ని అడుగుల మంచు కూర్చున్నా చక్కెర మీద కూర్చున్నట్టే.

ఈ విద్యకు ఎల్బీ నగర్‌లో గిరాకీ ఏముంటుంది? పింఛను వచ్చాక ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బంగారం దుకాణం ముందు రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని నిలబడే కొలువులో చేరాడు. రోజూ తుర్కయంజాల్ నుంచి ఎల్బీ నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో. దుకాణం తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి ఏసీ గాలి వీపుకు తగిలేది. ఆయనకు మిగిలిన చలి అదొక్కటే.

ఉన్న ఒక్క కూతురు సంధ్యారాణికి మాత్రం చిన్నప్పుడే ఆ విద్యంతా నేర్పాడు. చపాతీ పీట మీద బొంబాయి రవ్వ పరిచి, దాని మీద మైదాపిండి పోసి, అరచేత్తో తట్టి, పీటను ఒకవైపు మెల్లగా ఎత్తేవాడు. కొంచెం ఎత్తితే ఏమీ కాదు. ఇంకొంచెం ఎత్తినా ఏమీ కాదు. పీట సరిగ్గా అపార్ట్‌మెంట్ మెట్లంత వాలుకు వచ్చేసరికి మైదా మొత్తం ఒక్క పలకలా ఊడి నేల మీద పడేది.

"గోడలెక్క నిట్టగుంటే మంచు నిలువదు బిడ్డా, ఎప్పటిదప్పుడు రాలిపోతది. చదునుగుంటే కదలదు. మెట్లంత వాలు చూసినవా, గదే మనుషుల్ని తినేది" అని చెప్పేవాడు.

"పిండి తినేది మాత్రం నువ్వే. ఇగ చీపురందుకో" అని అండాలమ్మ అరిచేది.

ఆ సంధ్యారాణిని సరూర్‌నగర్ పాతూరు కుటుంబానికి ఇచ్చారు. చెరువు అవతల వాళ్లకు ఒకప్పుడు ఎంత పొలముండేదో రాములమ్మను అడిగితే, పొద్దున బయల్దేరిన కాకి ఆ పొలం దాటేసరికి పొద్దుగూకేదని చెబుతుంది. ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. అల్లుడు మహేష్ చెడ్డవాడు కాదు, తాగడు, పెళ్లాన్ని పువ్వులా చూసుకుంటాడు. ఒకటే జబ్బు, మర్యాద. అది ఆవగింజంత తగ్గినా తట్టుకోలేడు.

పెళ్లయిన మొదటి దసరాకు ఆ జబ్బు బయటపడింది. యాటకూర వండారు. వరుసగా అందరూ చాపల మీద కూర్చున్నారు. సైదులు వేడి గిన్నె పట్టుకుని వంగి వడ్డిస్తూ, సందు చాలక, "జర జరుగు" అన్నాడు. పటాలంలో ఇరవై రెండేళ్లు అలవాటైన నోరు. మహేష్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. లేచాడు, చెయ్యి కడిగాడు, చెప్పులేసుకున్నాడు, పోయాడు. ఏడు నెలలు అత్తగారింటి గడప తొక్కలేదు. పెద్దమనుషులు కూర్చుని, బట్టలు పెట్టి, బతిమాలితే వచ్చాడు.

ఆ రోజు నుంచీ అల్లుడితో మాట్లాడాల్సివస్తే సైదులు మాటను ముందు నోట్లో నానబెట్టి, మెత్తబడ్డాక బయటికి తీసేవాడు. "బాబూ", "మీరు", "మీకు తెల్వందేముంది". ఈ మూడూ లేకుండా ఒక్క వాక్యం కూడా లేదు.

ఈ ఫిబ్రవరిలో మహేష్‌కు మంచు చూడాలన్న కోరిక పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో గాజుల దుకాణం మీద టూర్ల ఆఫీసు నడిపే ఉపేంద్ర పద్నాలుగు మందిని జమ చేసి హిమాచల్ పంపించాడు. అందులో మహేష్, సంధ్యారాణి, కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు మురళీకృష్ణ దంపతులు ఉన్నారు. మురళీకృష్ణది తెనాలి వైపు; బ్యాంకులో పనిచేసి రిటైరై ఇక్కడే స్థిరపడ్డాడు. పద్నాలుగు మందీ ఒక్కో కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని బయల్దేరారు, దారిలో ఏ గుడి తగులుతుందో ఎవరికి తెలుసునని.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదిన్నరకు సైదులు డ్యూటీకి తయారవుతుంటే వీడియో కాల్ వచ్చింది.

"మామా, చూడుండ్రి! రెండు రోజులు కుండపోత లెక్క మంచు పడ్డది. ఇయ్యాల ఎండ కొడ్తున్నది. స్వర్గమే స్వర్గం!" మహేష్ ముఖమంతా పళ్లే.

"మంచిది బాబూ. యాడికి పోతున్నరు మీరు?"

"గా కొండ అవతల అమ్మవారి గుడున్నదట. జెండా కనవడ్తలేదా? గిట్ల అడ్డంగ పోతే అర్ధగంట. సంధ్యా, ఫోన్ మీ నాయినకు మంచిగ సూపెట్టు."

సంధ్యారాణి ఫోను అటు తిప్పింది. సైదులు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత చూసిందాన్ని మళ్లీ చూశాడు.

దేవదారు చెట్ల అడవి మధ్య పాపిడి తీసినట్టు పైనుంచి కింది దాకా ఒక చెట్టు కూడా లేని పట్టీ. దాని అంచున నిలబడ్డ చెట్లకు పైవైపు కొమ్మల్లేవు, కిందివైపే ఉన్నాయి. ప్రతి నాలుగేళ్లకో ఐదేళ్లకో అక్కడ ఏదో దిగి వస్తుంటే తప్ప చెట్లు అలా కుంటివి కావు. కొండ నెత్తిన గాలికి పోగైన మంచు పెంకుటింటి చూరులా ముందుకు వంగి వేలాడుతోంది. పక్క కొండ మీద చాకుతో కోసినట్టు అడ్డంగా ఒక గీత, కింద తాజా కుప్ప, అంటే అక్కడ అప్పుడే ఒకటి జారి పడింది. ఇక వాలు. ఆ వాలు తమ అపార్ట్‌మెంట్ మెట్ల వాలే, వేలెడు ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"గైడు ఉన్నడా బాబూ?"

"బస్సు చక్రాలకు మంచుల జారకుండ గొలుసులు కట్టనీకె కిందికి పోయిండు. గైడెందుకు మామా, జెండా కనవడ్తనే ఉన్నదిగా?"

సైదులు గొంతులో "పోవద్దు" అన్న మాట తయారుగా ఉంది. మూడే అక్షరాలు, పలకడానికి ఒక్క క్షణం. దాని వెనకే చేతిలో ముద్దతో లేచి నిలబడ్డ అల్లుడూ కనిపించాడు. ఆ ఏడు నెలలు కూతురు ఫోన్లో గుసగుసగా మాట్లాడటం వినిపించింది.

"మీకు తెల్వందేముంది బాబూ," అన్నాడు. "జర చూస్కోని పోతే బాగుంటది."

"అట్లనే మామా, మీ ఆశీర్వాదం!"

ఫోను కట్టయింది.

అండాలమ్మ పొయ్యి దగ్గరి నుంచి ఇటు తిరిగింది. భర్త ముఖం చూసి మంట తగ్గించింది. "ఏమైందయ్యా?"

"ఆడ నడువొద్దు అండాలూ. గది పడే జాగ."

"మరి గా ముక్క జెప్పవైతివి?"

"చూస్కోని పొమ్మంటిగా."

"చూస్కోని పొమ్మన్నవా! అగ్గిల దుంకుతాంటే చూస్కోని దుంకు అంటరా ఎవలన్న?"

"అయితె నువ్వు జెయ్యి బిడ్డకు ఫోను. నువ్వంటె ఆయనకు రోషం రాదు."

ఆమె పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ ఒక హిందీ అమ్మాయి ఎంతో మర్యాదగా ఏదో చెప్పి పెట్టేసింది.

కాలనీలో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. రాములమ్మకు కూడా తెలియదంటే అది ఎంత లోతున దాగి ఉందో అర్థం చేసుకోవచ్చు. తోలు బెల్టు కథకు సైదులు ఎన్నడూ అడ్డు చెప్పకపోవడం కూడా దీనివల్లే. జనం దాన్ని నములుతూ ఉంటే దీని జోలికి రారు. ఒక చలికాలం ఆయన వరుసగా పదకొండు రోజులు గుంట తవ్వి, పదకొండు రోజులూ "వద్దు సాబ్" అన్నాడు. పదకొండు రోజులూ కొండ కదల్లేదు. కొత్తగా వచ్చిన లెఫ్టినెంటు నవ్వాడు. వంటవాళ్లు నవ్వారు. సైదులుకు మంచంటే భయం పట్టుకుందని గుడారాల్లో పాట కట్టారు. పన్నెండో రోజు లెఫ్టినెంటు, "ఈ రోజూ వద్దేనా హవల్దార్?" అని అందరి ముందూ అడిగాడు. గుంటలో మంచు పదకొండో రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పిడికిలి అలాగే దిగింది. కానీ నోరు మారింది. "చూసుకుని వెళ్లండి సాబ్" అన్నాడు. ఆరుగురు వెళ్లారు. నలుగురు వచ్చారు.

అవే మాటలు. భాష ఒక్కటే వేరు.

ఆ రోజు సైదులు టిఫిను గిన్నె ఇంట్లోనే మరిచిపోయి డ్యూటీకి పోయాడు. దుకాణం పదిన్నరకు తెరుస్తారు. పదింటికే గాజుల దుకాణం మెట్లెక్కి ఉపేంద్ర ఆఫీసు ముందు నిలబడ్డాడు. ఉపేంద్ర దేవుడి పటాలకు అగరుబత్తి తిప్పుతూ, తిప్పుతూనే విన్నాడు.

"అంకుల్, మా పేపర్ల గా గుడే లేదు. హోటల్ కాడ స్నో పాయింట్, గంట సేపు ఫొటోలు. గుడికి పోవుడు వాళ్ల పర్సనల్."

"పర్సనలో ఏందో, గా గైడుకు ఫోన్ జెయ్యి. మర్లగొట్టమను."

"గైడు బస్సు కింద పండుకున్నడు, గొలుసులు కడ్తుండు. ఇప్పుడే మాట్లాడిన. టెన్షన్ వడకుండ్రి అంకుల్, దేవుని దగ్గరికే పోతున్నరుగా." అగరుబత్తి సైదులు ముఖం ముందు కూడా ఒకసారి తిప్పాడు.

తుపాకీ భుజానికి తగిలించుకుని సైదులు దుకాణం తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎండ ఎక్కుతోంది. ఇక్కడ ఎండ ఎక్కుతోందంటే అక్కడా ఎక్కుతోంది. దిల్‌సుఖ్‌నగర్ జనం బ్యాగులు, కవర్లు, పిల్లల్ని మోసుకుంటూ ఆయన్ని రాసుకుని పోతున్నారు. ఎవరో బ్యాగు తెరిచి చూపిస్తే లోపలికి చూడకుండానే తలూపాడు. ఆ రోజు ఎవరైనా బ్యాగులో ఫిరంగి పట్టుకొచ్చినా లోపలికి పోయేదే.

పన్నెండుంబావుకు ఫోను జేబులో వణికింది. కుటుంబం గ్రూపులో వీడియో. మహేష్ పెట్టాడు. అర్ధగంట దారికి ఫొటోలు దిగుతూ మూడున్నర గంటలు తీసుకున్నారు గానీ, దాటారు.

సైదులు తుపాకీని మోకాళ్ల మధ్య పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. పద్నాలుగు మందీ గుడి దగ్గర ఉన్నారు. కొబ్బరికాయలు కొడుతున్నారు. మురళీకృష్ణ స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని గాదెలా ఉన్నాడు. బతికారు. సైదులుకు ప్రాణం లేచొచ్చింది. అంతలో వీడియో వెనక్కి, దాటుతున్నప్పటి ముక్కకు పోయింది.

మనవాళ్లు ఎక్కడికి పోయినా గుంపుగానే పోతారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పద్నాలుగు మందీ ఒకే గొలుసులా, వాలు నట్టనడుమ. పటాలంలో అయితే ఒక్కడు దాటేదాకా రెండోవాడు అడుగు వెయ్యడు. పడితే ఒక్కడి మీదే పడాలి, మిగతావాళ్లు తవ్వడానికి మిగలాలి. వీళ్లు పద్నాలుగు మందీ ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమ కొద్దీ ఒకే చోట ఉన్నారు.

వీడియోలో "దుప్" అని ఒక చప్పుడు వినిపించింది. ఇంట్లో బియ్యం బస్తా దింపినట్టు. గొలుసంతా ఒక్క క్షణం ఆగింది.

"కొండమ్మ త్రేన్చిందండోయ్!" అని మురళీకృష్ణ గొంతు. అందరూ పడీ పడీ నవ్వారు. మహేష్ బూటు దగ్గర నుంచి మంచులో సన్నటి పగులు గోడకు సున్నం పగిలినట్టు పాము నడకలో పైకి పోయింది. ఫోను దాన్ని చూపించింది, ఎవరూ చూడలేదు.

సైదులు ఆ చప్పుడు మూడుసార్లు విన్నాడు. కింది చక్కెర పొర కుంగినప్పుడు వచ్చే చప్పుడది. అంటే కొండ సగం పని చేసి పెట్టుకుంది. ఇప్పుడు వీళ్లు ప్రసాదం తిని, మధ్యాహ్నపు ఎండలో, ఆ దారినే, ఆ గొలుసుతోనే తిరిగొస్తారు.

డ్యూటీలో ఫోన్లో మాట్లాడకూడదు. సైదులు మాట్లాడాడు. ఈసారి మొదటి రింగుకే ఎత్తారు. గుడి దగ్గర సిగ్నలుంది.

"ఆఁ మామా! వీడియో చూసిండ్రా? అందరికీ స్పీకర్ల పెడ్తున్న, ఆగుండ్రి. మాట్లాడుండ్రి!"

స్పీకరన్న మాట సైదులు చెవికి ఎక్కలేదు. ఇరవై రెండేళ్ల పటాలం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"ఒరేయ్ మహేష్! ఎనుకకు అడుగేసినవంటె కాళ్లు ఇరగ్గొడ్త బిడ్డా! నెత్తిల మెదడున్నదా, మట్టున్నదా? నా బిడ్డను సంపుతవారా? ఆడనే కూసో! కూసోరా ఆడ!"

ఆ కేకకు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ ఖాళీ అయింది. తుపాకీ పట్టుకున్న మనిషి "సంపుతవారా" అని అరిస్తే ఎవరు నిలబడతారు? పిన్నీసులు అమ్మే ఆమె గంప వదిలి పరిగెత్తింది. లోపల గాజులు చూస్తున్న పెళ్లివారు కౌంటర్ కింద దూరారు. ఆ రోజు ట్రాఫిక్ మలక్‌పేట దాకా ఆగిపోయిందనీ, మెట్రో కూడా చైతన్యపురిలో ఒక నిమిషం సందేహించి ఆగిందనీ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అవతల గాలి హోరుమంటోంది. తర్వాత సంధ్యారాణి గొంతు సన్నగా వచ్చింది.

"నాయినా. మరి ఎట్ల రావాలె?"

"గుడెన్క ముసలి చెట్లున్నయా బిడ్డా? దట్టంగ? లావుగ?"

"ఉన్నయ్."

"ముసలి చెట్లున్నయంటె ఆడ ఎన్నడు పడలే. గా చెట్లల్లకెల్లే దిగుండ్రి. ఎంత దూరమైతె అంత. చెట్లు ఇడిసి బయటికి రావొద్దు. ఇంటున్నవా? చెట్లు..."

లైను పోయింది.

ఆ తర్వాత ఆరు గంటలు ఆయన చెయ్యగలిగింది ఏమీ లేదు. మేనేజరు వచ్చి తుపాకీ తీసుకుని లోపల పెట్టి, ఆయన్ని వెనక గోదాములో స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఎవరో టీ ఇస్తే గ్లాసు పట్టుకున్నాడు, అది చేతిలోనే చల్లారింది. అటునుంచి వార్త రాకపోతే రెండే అర్థాలు, సిగ్నల్ లేదు లేదా మనుషులు లేరు. ఫోను రెంటికీ ఒకేలా మౌనంగా ఉంటుంది. ఇంతకుముందు ఒక కొండ కింద నిలబడి పారతో తవ్వాడు. అప్పుడు కనీసం చేతిలో పార ఉంది.

ఆరున్నరకు సంధ్యారాణి మెసేజ్: రోడ్డు ఎక్కినం. అందరం మంచిగున్నం.

దాని కిందే గ్రూపులో ఇంకో ముక్క: మహేష్ గ్రూపు నుంచి వెళ్లిపోయాడు.

వాళ్లు అడవిలోంచి దిగింది పది కిలోమీటర్లు. మురళీకృష్ణ లెక్కలో ముప్పై. దారిలో ఆయన కాలి బొటనవేలి గోరు ఊడింది. ఊళ్లోకి వచ్చాక దాన్ని కాగితంలో చుట్టి కలిసినవాడికల్లా చూపించాడు. ఆయన భార్యకు జ్వరం తగిలింది. బస్సు వెళ్లిపోయింది, మర్నాటి రైలూ పోయింది. ఇన్ని పడి వాళ్లు తప్పించుకున్నది దేన్నంటే, ఏమీ లేదు. కొండ పడలేదు. ఆ సాయంత్రం పడలేదు, మర్నాడూ పడలేదు.

మర్నాడు ఇంకో ఊరి నుంచి వచ్చిన నలభై మంది ఆ వాలు మీదే డాన్సు చేసి వీడియో పెట్టారు. ఉపేంద్ర దాన్ని ఆఫీసులో టీవీకి తగిలించి వచ్చినవాళ్లకల్లా వేసి చూపించాడు.

"చూసిండ్రా అంకుల్? నలభై మంది ఎగిరిండ్రు. కొండకు దుమ్మన్నా రాలలే."

సైదులు చూశాడు. నలభై మంది నడిస్తే పడలేదంటే నలభై ఒకటోవాడికి పడదని కాదు. కొండ మనుషుల్ని లెక్కపెట్టదు. అందులో ఎక్కడో ఒక బలహీనమైన చోటు ఉంటుంది, దాని మీద ఎవడి కాలు పడుతుందో కొండకూ తెలియదు. ఇదంతా ఉపేంద్రకు చెబుదామని నోరు తెరిచాడు. అప్పటికే అతను టీవీ గొంతు పెంచాడు.

మహేష్ కారణం చాలా సూటిగా ఉంది. "జరుగు అన్నందుకే ఏడు నెలలు పోలే నేను. ఇప్పుడు పద్నాలుగు మంది ముంగట ఒరేయ్ అన్నడు, కాళ్లు ఇరగ్గొడ్త అన్నడు, పెండ్లాన్ని సంపుతవా అన్నడు. దేనికి? కొండ ఏదన్న కూలిందా?" కూలి ఉంటే సైదులు దేవుడయ్యేవాడు. కూలలేదు కాబట్టి తలతిక్క ముసలివాడయ్యాడు. ఆయన మాట వినడంవల్ల ఎవరూ చావలేదనీ, చావకపోవడంవల్లే ఆయన మాటకు రుజువు లేకుండా పోయిందనీ ఏ భాషలో చెబితే అర్థమవుతుంది?

రెండు నెలలు అదే పనిగా ఆ కొండ పేరు ఫోన్లో వెతికేవాడు. ఒకరోజు మెట్రోలో వెతుకుతూ, తను వెతుకుతున్నది ఏమిటో తనకే అర్థమై చెయ్యి ఆగిపోయింది. అది పడాలని చూస్తున్నాడు. పడితే కింద ఎవరో ఒకరు ఉంటారు. ఫోను జేబులో పెట్టేసి, ఎల్బీ నగర్ వచ్చేదాకా కిటికీ అద్దంలో తన ముఖం చూడలేకపోయాడు.

ఏప్రిల్లో ఒక ఆదివారం పెద్దమనుషులు కూర్చున్నారు. మహేష్ తండ్రి నర్సింహ తెల్ల లాల్చీలో వచ్చాడు. మధ్యవర్తి మురళీకృష్ణ, గోరు పూర్తిగా మొలవలేదు కాబట్టి చెప్పుల్లో వచ్చాడు. అండాలమ్మ పళ్లెంలో కొత్త బట్టలు, పసుపు కుంకుమ, మిఠాయి సర్దిపెట్టింది. సంధ్యారాణి వంటింటి గుమ్మంలో నిలబడింది. రాములమ్మ పిలవకపోయినా చక్కెర అడగడానికని గ్లాసుతో వచ్చి, గ్లాసుతోనే కూర్చుంది.

"చూడండి సైదులుగారూ," అన్నాడు మురళీకృష్ణ, "పాతవన్నీ తవ్వుకోవద్దు. అల్లుడుగారు ఒకటే అడుగుతున్నారు. తప్పయిందని, అక్కడ ప్రమాదమేం లేదని ఒక్క మాట అనెయ్యండి. అయిపోతుంది."

"బావా, అనుండ్రి. పోరగాడు మనసుల పెట్టుకున్నడు" అన్నాడు నర్సింహ.

సైదులు మహేష్ వైపు చూశాడు. మహేష్ నేల వైపు చూస్తున్నాడు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ప్రమాదం లేదంటే ఇతడు కూతుర్ని మళ్లీ ఆ వాలు మీదికి తీసుకెళ్తాడు. ఉందంటే ఈ గడప మళ్లీ తొక్కడు, కూతురు ఫోన్లో మళ్లీ గుసగుసలాడుతుంది, అప్పుడు చెప్పడానికి కూడా దారి ఉండదు.

"బాబూ," అన్నాడు. "మిమ్మల్ని ఒరేయ్ అన్న. తప్పే. కాళ్లు ఇరగ్గొడ్త అన్న. అదీ తప్పే. ముసలోణ్ని, నోరు జారిన. కని మంచు సంగతి మాత్రం..."

"ఒప్పుకున్నారు, ఒప్పుకున్నారు!" అని మురళీకృష్ణ చప్పట్లు కొట్టాడు.

"తప్పన్నడు, ఇంకేంగావాలె? తియ్యవ్వ మిఠాయి, తియ్యి" అన్నాడు నర్సింహ.

"జర ఇనుండ్రి, మంచు..."

"మంచు కరిగిపోయిందండీ సైదులుగారూ, ఎండాకాలమొచ్చె!" అని మురళీకృష్ణ ఆయన నోట్లో మైసూర్‌పాక్ పెట్టాడు. అది దిల్‌సుఖ్‌నగర్ మిఠాయి, పళ్లకు సిమెంటులా అంటుకుంటుంది. ఆయన దాన్ని నమిలి మింగేలోగా అండాలమ్మ పళ్లెం అల్లుడి చేతికిచ్చేసింది, రాములమ్మ కళ్లు ఒత్తుకుంది, మహేష్ లేచి మామ కాళ్లకు దండం పెట్టి కౌగిలించుకున్నాడు. నిజంగానే కౌగిలించుకున్నాడు, అతనికి మర్యాద దొరికితే మనసు వెన్నే.

"మామా, వచ్చే ఫిబ్రవరికి ఉపేంద్రకు మళ్లీ జెప్పేసిన. ఈసారి ఇరవై ఐదు మందిమి. గా గుడికే మొక్కున్నది. మీరు గూడ రావాలె!"

"మోకాళ్లు ఏడ సహకరిస్తయ్ బాబూ..."

"అయితె ఈడికెల్లే వీడియోల సూడుండ్రి."

అందరూ నవ్వారు. సైదులు కూడా నవ్వాడు, మైసూర్‌పాక్ ఇంకా నోట్లోనే ఉంది.

బయల్దేరేటప్పుడు మహేష్ కారు తియ్యడానికి ముందుగా వెళ్లాడు. గేటు దగ్గర సంధ్యారాణి, సైదులు ఇద్దరే మిగిలారు.

"బిడ్డా, నువ్వు పోకు."

"నేను పోనంటె ఆయనొక్కడే పోతడు నాయినా. ఆగుతడా? నేనుంటె జర గుంజుకోనన్న వస్త."

"గట్లయితె ఇను. ఎండ ఎక్కకముందే, పొద్దుగాల పోవాలె. కొత్త మంచు పడ్డంక రెండు మూడు రోజులు దాని దిక్కు చూడొద్దు. దుప్ అన్నదంటె అక్కడికక్కడే మర్లాలె. ఒకరెన్క ఒకరు, దూరం దూరంగ. ముఖ్యంగ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవద్దు."

కారు హారన్ మోగింది. సంధ్యారాణి చీర కొంగు సర్దుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది.

"చెయ్యి పట్టుకోకపోతె ఆయన్ని ఎట్ల ఆపాలె నాయినా?"

తొమ్మిది చలికాలాల్లో ఎవరూ సైదులుకు అది నేర్పలేదు.

రెండో హారన్‌కు ఆమె పోయి కారెక్కింది. గల్లీ ఇరుకు, ఒకవైపు రాములమ్మ వాళ్ల స్కూటరు, ఇంకోవైపు కరెంటు స్తంభం. మహేష్ అద్దం దించి తల బయటపెట్టి, "మామా, జర ఎన్క చూడుండ్రి" అన్నాడు. సైదులు కారు వెనక్కి వెళ్లి నిలబడి, చెయ్యి ఊపుతూ, "రానీయుండ్రి బాబూ... రానీయుండ్రి... ఇంక రానీయుండ్రి" అంటూ వాళ్లను మెయిన్ రోడ్డు దాకా దాటించాడు.